పిల్లాడికి ముఖలింగం అని పేరు పెడితే ఏమైంది?

"ఎవరికీ లేని పేరు కావాలి." ఈమధ్య ఏ పురిటింటికి వెళ్లినా ఇదే మాట. ఫోను తీసి కొత్త పేర్లని వెతుకుతారు. పొడుగాటి జాబితా వస్తుంది. విహాన్, రియాన్ష్, శ్రేయాన్ష్, దేవాన్ష్, ఇలా. అందులోంచి ఒకటి ఏరుకుంటారు. అదే జాబితాని అదే వారం పాలకొండలోనూ, పార్వతీపురంలోనూ, పూణేలోనూ ఇంకెందరో చూస్తుంటారన్న ఆలోచన ఎవరికీ రాదు. పిల్లాడిని బడిలో వేసిన రోజున టీచరు ఆ పేరు పిలిస్తే ముగ్గురు తల తిప్పుతారు. ఎవరికీ లేని పేరు కోసం అందరూ ఒకేచోట వెతికితే జరిగేది అదే.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన మగపిల్లాడికి నిజంగా అరుదైన పేరు కావాలంటే ఫోను అక్కర్లేదు. వంశధార గట్టున ఉంది. ముఖలింగం. గోదావరి దాటాక ఈ పేరున్న మనిషి తగలడం కష్టం. విజయనగరం వైపు అక్కడక్కడా ఉంటారు, ఒడిశా సరిహద్దు అవతల పర్లాకిమిడి వైపు కొందరుంటారు. నేను చూసినంతలో మిగతావాళ్లంతా జలుమూరు, నరసన్నపేట, సారవకోట, హిరమండలం, టెక్కలి చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఆ కాస్త నేలలో కూడా ఇప్పుడు ఆగిపోయేలా ఉంది. నేనెరిగిన ముఖలింగాలందరూ యాభై దాటినవాళ్లే. పలకా బలపం పట్టుకుని బడికెళ్లే ముఖలింగం నాకు ఈమధ్య ఎక్కడా కనపడలేదు.

మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. మా తాత పేరు ముఖలింగం. మేనత్తగా నాకున్న చనువు కొద్దీ ఆ పేరే పెట్టమన్నాను. ఇంట్లో ఒక్కరూ ఔననలేదు. మా అమ్మ మటుకు, "మీ తాత పేరెడితే బాగుంటాది గానీ, ఈ కాలం పిల్లలు ఊరుకుంటారేటి?" అని సగం నావైపు, సగం వాళ్లవైపు నిలబడింది. ఆ గొడవలో ముక్కలు ముక్కలుగా, కొంత కోపంగా చెప్పినదాన్నే ఇక్కడ తీరుబడిగా చెప్తాను.

శ్రీముఖలింగం జలుమూరు మండలంలో ఉంది. వంశధారకి ఎడమగట్టు. అక్కడ మూడు శివాలయాలున్నాయి: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. పెద్దగుడి మధుకేశ్వరుడిది, పక్కన వారాహి అమ్మవారు. సోమేశ్వరుడి గుడి ఊరి మొదట్లోనే, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. ఈ మూడు పేర్లూ మా వైపు మనుషులకి పేర్లయ్యాయి. అయితే ఒకాయన పేరు భీమేశ్వరరావు అని తెలిస్తే ఆయనది మా జిల్లానా, ద్రాక్షారామం వైపా చెప్పలేం. సోమేశ్వరరావులు తెలుగునేలంతా ఉన్నారు. మధుకేశ్వరరావు అనగానే చాలావరకు మావాడేనని అనుకోవచ్చు. ముఖలింగం అన్నారంటే ఇక అడగనక్కర్లేదు. ఆ పేరులోనే ఊరుంది, ఏరుంది, గుడి ఉంది.

శిల్పశాస్త్రంలో ఈ మాట ఇంకా పెద్దది. లింగం మీద శివుడి ముఖం చెక్కితే దాన్ని ముఖలింగం అంటారు. ఒక ముఖం ఉంటే ఏకముఖలింగం, నాలుగుంటే చతుర్ముఖలింగం. మధ్యప్రదేశ్‌లోని ఉదయగిరి గుహల్లో గుప్తుల కాలంనాటి ఏకముఖలింగం ఉంది. జుట్టుముడీ, కళ్లూ, పెదవులూ అన్నీ స్పష్టంగా కనిపించే అందమైన ముఖం. మా దేవుడికి అలా ఉలితో చెక్కిన ముఖం లేదు. ఆయన స్వయంభువు. మరి ఆ పేరెలా వచ్చింది? దానికి మా స్థలపురాణం వినాలి.

వామదేవ మహర్షి శాపం వల్ల గంధర్వులు కొందరు ఈ అడవుల్లో శబరులై, అంటే సవర గిరిజనులై పుట్టారట. వాళ్ల నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇద్దరికీ పడదు. ఇంటి ముందు రెండు కొమ్మల ఇప్పచెట్టు. ఒక్కో కొమ్మ పువ్వులు ఒక్కొక్కరు ఏరుకోవాలని నాయకుడు వాటా వేశాడు. శివభక్తురాలైన భార్య కొమ్మనుంచి రాలిన పువ్వులు బంగారమయ్యాయి, రెండో ఆమెవి ఉత్త పువ్వులే. తగువు ముదిరింది. గొడవంతటికీ ఈ చెట్టే కారణమని నాయకుడు గొడ్డలి ఎత్తాడు. నరికిన చెట్టు మొదలులో శివుడి ముఖం కనపడింది. ఆ మొదలే లింగమైందనీ, కాలం గడిచి రాయైందనీ చెప్తారు. సంస్కృతంలో ఇప్పచెట్టుని మధూకం, మధుకం అంటారు. అందుకే ఆయన మధుకేశ్వరుడు. ముఖం చూపించాడు కాబట్టి ముఖలింగేశ్వరుడు.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది దేవుడు కనపడిన చోటు. రాజు కలలో కాదు, ముని ఆశ్రమంలో కాదు, సవర ఇంటి ముంగిట్లో కనపడ్డాడు. ఇప్పచెట్టు మా ఏజెన్సీ కొండల్లో ఈనాటికీ బతుకుతెరువు. పువ్వు ఏరి ఎండబెట్టుకుంటారు, గింజల నుంచి నూనె తీస్తారు. ఆ చెట్టు దేవుడైంది, ఆ దేవుడు ఊరయ్యాడు, ఆ ఊరు మా తాత పేరైంది. జాబితాలో దొరికే ఏ పేరు వెనకాల ఇంత ఉంది?

ఇక్కడో సంగతి చెప్పాలి. ఈ పల్లెటూరు ఒకప్పటి రాజధాని. తూర్పు గాంగులు శతాబ్దాల పాటు ఏలిన కళింగనగరం ఇదే. కాలం గడిచేసరికి ఆ నగరం ఎక్కడుండేదో కూడా జనం మరిచిపోయారు. కళింగపట్నమే కళింగనగరమని కొందరు పండితులు అన్నారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదివి, ఈ ఊరూ దీని పక్కనే ఉన్న నగరికటకమూ కలిసి ఆనాటి కళింగనగరమని వాదించి నిలబెట్టింది గిడుగు రామమూర్తి పంతులు. ఆయనా ఇక్కడివాడే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. వాడుకభాష కోసం పోరాడినవాడిగానే ఆయన్ని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు చేసినవాడు కూడా ఆయనే. దేవుడు సవర ఇంటి చెట్టులో కనపడ్డాడని కథ చెప్పుకునే ఊరి పక్కన పుట్టినవాడు సవర మాటల్ని పోగుచేయడం ఎంత గొప్పగా కుదిరిందో!

ఆ రాజుల పేర్లు చూడండి. కామార్ణవుడు, వజ్రహస్తుడు, దేవేంద్రవర్మ, అనంతవర్మ. 1078లో పట్టాభిషేకమైన అనంతవర్మ చోడగంగు దాదాపు డెబ్బై ఏళ్లు ఏలాడు. పూరీలో జగన్నాథుడి పెద్దగుడి కట్టించింది ఆయనే. రాజధాని ఇప్పటి ఒడిశాలోని కటక్‌కి తరలిపోయిందీ ఆయన కాలంలోనే. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు కాబట్టి ఆయన చోడగంగుడయ్యాడు. అంటే అంత మహారాజు కూడా పుట్టింటి గుర్తుని, మేనమామల ఇంటి గుర్తుని పేరులోనే పెట్టుకు తిరిగాడు.

ఇప్పుడు మా ఊళ్లలో కామార్ణవుడని ఎవరికైనా పేరుందా? వజ్రహస్తుడని ఎవరినైనా పిలుస్తారా? లేదు. రాజులు పోయారు, నగరం మట్టిలో కలిసింది, దాని పేరు పండితులు తవ్వి తీయాల్సి వచ్చింది. ముఖలింగం అన్న మాటని మాత్రం ఎవరూ తవ్వి తీయనక్కర్లేకపోయింది. గోచీ పెట్టుకుని అరక దున్నే రైతుకి ఆ పేరుంది. గొర్రెలు కాసేవాడికుంది, బడిపంతులుకుంది. శాసనం రాయిమీద ఉంటుంది. చదవగలిగినవాడు వచ్చేదాకా అది మౌనంగానే ఉంటుంది. మనిషికి పెట్టిన పేరుని రోజూ ఎవరో ఒకరు నోరారా పిలుస్తారు. ముఖలింగాన్ని మర్చిపోకుండా కాపాడినవాళ్లు మా తాతలాంటివాళ్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పేరు ఎలా పెట్టేవారో కూడా చెప్పాలి. ఊరికే నచ్చి పెట్టేవారు కాదు. మొక్కుకుని పెట్టేవారు. గర్భగుడిలో లింగం వెనకాల పెద్ద మట్టిగోలెం ఉంటుంది. దాని కథ మా వైపు పిల్లలందరికీ తెలుసు. సంతానం లేని ఒక కుమ్మరి స్వామికి మొక్కుకున్నాడు. బిడ్డ పుట్టాడు. మొక్కు తీర్చడానికి గోలెం చేసి తెస్తే అది గుమ్మంలో పట్టలేదు. బిడ్డనిచ్చినవాడివి, గోలెం లోపలికి తీసుకోలేవా అని కుమ్మరి దేవుడితోనే తగువు పెట్టుకున్నాడు. చూసేసరికి గోలెం లోపలుంది. గుమ్మం కంటే పెద్దదైన ఆ గోలెం ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్లలు లేనివాళ్లు, పుట్టినవాళ్లు దక్కనివాళ్లు ఆ కథని నమ్ముకుని వచ్చేవారు. అలా వచ్చి మొక్కుకున్నాక పుట్టినవాడు ముఖలింగం. మా తాత కంటే ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు. ఆయన దక్కాడు.

మన ఉత్తరాంధ్ర పేర్లలో ఈ భయమూ, ఈ ఆశా చాలా ఉన్నాయి. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, తరవాతి బిడ్డని తవుడుకి అమ్మినట్టు చేసి మళ్లీ కొనుక్కునేవారు. ఆ బిడ్డ తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అయ్యేది. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య. సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం. విజయనగరం పైడితల్లికి మొక్కుకుంటే పైడిరాజు, పైడమ్మ. శ్రీకూర్మం స్వామి పేరున కూర్మారావు, కూర్మినాయుడు. శంబర పోలమాంబ పేరున పోలయ్య, పోలినాయుడు. ఒక ఊరి పేర్ల పట్టిక చదివితే ఆ ఊరి తల్లులు ఏ గుడి మెట్ల మీద ఏడ్చారో తెలిసిపోయేది. ఇప్పుడు పిల్లలు ఆసుపత్రిలో క్షేమంగా పుడుతున్నారు, దానికంటే కావలసింది లేదు. ఆ భయం పోయింది కాబట్టి ఆ పేర్లూ పోవాలా? భయం పోయాక పేరు పెట్టుకుంటే ఇంకా హాయిగా పెట్టుకోవచ్చు కదా.

అసలు ఈ పేర్లు ఆగిపోవడానికి కారణం ఆసుపత్రులు కావు. సిగ్గు. మన చేత సిగ్గుపడేలా చేశారు. సినిమాలో కాపలావాడు కావాలి, అమాయకపు పనివాడు కావాలి, నవ్వించడానికి ఒక పల్లెటూరివాడు కావాలి అంటే వాడికి అప్పలనాయుడనో సింహాచలమనో పేరు పెట్టి, నోట్లో మన యాస పెట్టారు. "ఏటి" అంటే నవ్వు, "ఎల్లొత్తాను" అంటే నవ్వు. హాలులో కూర్చుని మనమూ నవ్వాం. పొట్టపోసుకోవడానికి వైజాగ్ వెళ్లినవాళ్లు, హైదరాబాద్ వెళ్లినవాళ్లు, చెన్నైలో ఇళ్లు కట్టడానికి వెళ్లినవాళ్లు ముందు యాస దాచుకున్నారు, తరవాత పేరు దాచుకున్నారు. ముఖలింగాలు ఎందరో ఊరు దాటగానే ఎం.లింగారావులయ్యారు. ఎవరినీ తప్పుపట్టను. పని దొరకాలి, అద్దెకి ఇల్లు దొరకాలి, పదిమందిలో తలెత్తుకోవాలి. కానీ ఆ సిగ్గుని మూడో తరానికి కూడా ఆస్తిలా రాసివ్వడం నాకు మింగుడుపడదు.

మా తమ్ముడి అభ్యంతరం బడి గురించి. "అప్పా, తెలుగు క్లాసులో లింగాల పాఠం వస్తాది. పుంలింగం, స్త్రీలింగం అని చెప్పినప్పుడల్లా ఆడ్ని చూసి నవ్వుతారు అప్పా." (మా వైపు అక్కని అప్ప అంటారు.) నిజమే, నవ్వుతారు. పిల్లలు దేనికైనా నవ్వుతారు. కళ్లజోడుకి నవ్వుతారు, కొత్త క్రాపుకి నవ్వుతారు. లింగమంటే గుర్తు అని పంతులు ఒక్కమాట చెప్తే ఆ పాఠం అక్కడితో తేలిపోతుంది. తెనాలి రామలింగడి కథలు చెప్పుకుని మురిసిపోయే జాతి మనది. రామలింగం అంటే తెలివి గుర్తొస్తుంది, ముఖలింగం అంటే నవ్వు రావాలా? తమిళనాడులో రామలింగాలు, మహాలింగాలు ఆఫీసుల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. జంబులింగం అన్న పేరూ అక్కడ ఉంది. తిరువానైక్కావల్‌లో శివుడు నేరేడుచెట్టు కింద వెలిశాడు, జంబుకేశ్వరుడు. వాళ్లకి నేరేడు, మనకి ఇప్ప. వాళ్లు దాచుకోలేదు.

మా మరదలి అభ్యంతరం వేరు. "పేరు బరువుగా ఉంది వదినా. చంటిపిల్లాడిని ఎత్తుకుని ముఖలింగం అని ఎలా పిలుస్తాం?" ఇది ఆలోచించాల్సిన మాటే. దీనికి జవాబు మా మామ్మ దగ్గరుంది. మామ్మ తాత పేరు నోటితో పలికేది కాదు, ఆ కాలంలో ఎవరూ పలికేవారు కాదు. చిక్కేమిటంటే ఊరి పేరూ అదే. అందుకని శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్లాలన్నా "ఏటిగట్టు గుడికి ఎల్లాలి" అనేది. బస్సు ఎక్కి కండక్టరుకి కూడా పేరు చెప్పేది కాదు, మా చేత చెప్పించేది. తాత పేరు మనవడికి పెట్టిన ఇళ్లలో అత్తా, కోడలూ ఇద్దరూ ఆ పేరు పలకకూడదు. అందుకే ఆ పిల్లలందరికీ ఇంట్లో ఇంకో పిలుపు ఉండేది. పెద్దబాబు, తాతబాబు, నాయన, గుంటడు. అంటే ముఖలింగం అన్న పేరు ఎప్పుడూ చంటిపిల్లాడి మీద మోపిన బరువు కాదు. ఇంట్లో ముద్దుపేరుతో పెరిగి, వయసొచ్చాక అందుకునే పేరు. మా మరదలు వాడిని చిన్నూ అన్నా, బన్నీ అన్నా నాకు పేచీ లేదు. కాగితం మీద ఏముందన్నదే నా బాధ.

కాగితం సంగతి చిన్నది కాదు. 2023 అక్టోబరు 1 తరవాత పుట్టినవాళ్లకి బడిలో చేరడం మొదలు డ్రైవింగు లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగం దాకా జననపత్రమే ఆధారం. పూర్వం పదో తరగతిలో పంతులు రాసిన పేరే పేరు. మధుకేశ్వరం కాస్తా మధుసూదనరావు అయిపోయినా దిక్కులేదు. ఇప్పుడు తల్లిదండ్రులు మొదట్లో రాయించిందే చివరిదాకా వెంట వస్తుంది. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఖాయం కాకపోతే ఖాళీగా వదిలి ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. మావాళ్లు అలా వదిలారు. నా వాదనకి ఆ ఖాళీయే చోటిచ్చింది.

మధ్యేమార్గాలు కొన్ని వచ్చాయి. తాత పేరులోని మొదటి అక్షరాలు పట్టుకుని ముఖేష్ అని పెడదామని తమ్ముడన్నాడు. మా చుట్టాల్లో చాలామంది ఇదే చేశారు, తాత పేరు నిలబెట్టామని తృప్తిపడ్డారు. నాకది తృప్తి కాదు. ముఖేష్ మంచి పేరే, కానీ దేశమంతా ఉన్న పేరు. అందులో వంశధార లేదు, ఇప్పచెట్టు లేదు, మొక్కు లేదు. పైగా జాతకం అడ్డుపడుతుందన్న సాకు కూడా ఈసారి లేదు. పిల్లాడిది మఖ మూడోపాదం. పంతులుగారు చెప్పిన అక్షరం "ము".

మధుకేశ్వర్ అంటే ఒప్పుకుంటావా అని మరదలు అడిగింది. ఈ మాటకి నేను కాస్త మెత్తబడ్డాను. అది అదే దేవుడి పేరు, శాసనాల్లో కనిపించే పేరు, పలకడానికి తేలిక. మంచి దారే. ఇంకెవరికైనా సలహా చెప్పాలంటే ముందు ఇదే చెప్తాను. మా ఇంటికి మాత్రం మధుకేశ్వర ముఖలింగం అని రెండూ కలిపి రాయించమన్నాను. ఆఫీసులో మొదటి మాట వాడుకుంటాడు, ఊళ్లో రెండోది. పొడుగైపోతుందని తమ్ముడి గొణుగుడు. కాశీవిశ్వనాథం, లక్ష్మీనరసింహం లాంటి పేర్లు కాగితాల్లో పట్టలేదా?

ఇప్పటికి వాళ్లు ఒప్పుకోలేదు, కాదనీ తేల్చలేదు. శివరాత్రి వెళ్లాక చక్రతీర్థ స్నానానికి శ్రీముఖలింగంలో లక్షల జనం, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆ తొక్కిడిలో చంటివాడితో వద్దు. రద్దీ తగ్గిన వారంలో ఇద్దరినీ, పిల్లాడినీ తీసుకెళ్తున్నాను. మరదలు బొబ్బిలి వైపు పిల్ల, ఆ గుడి ఇంతవరకు చూడలేదు. గోలెం చూపిస్తాను. కుమ్మరి కథ అమ్మ చెప్తుంది, నాకంటే బాగా చెప్తుంది. ఆ తరవాత సచివాలయంలో ఏ పేరు రాయిస్తారో అది వాళ్లిష్టం. రాయించేరోజు మాత్రం నేనూ పక్కన ఉంటానని తమ్ముడికి ముందే చెప్పాను.